ఆట సొంతమా? అద్దెదా?

కంప్యూటరు ఆటలను పొందడానికి నేడు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది చందా పద్ధతి. 2017లో మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రారంభించిన గేమ్ పాస్ ఇందుకు ఉదాహరణ. నెలనెలా చందా చెల్లించినవారు తక్కువ ఖర్చుతో అనేక ఆటలు ఆడవచ్చు. చందా ఆగితే ఆ అవకాశమూ ఆగిపోతుంది. చందా కొనసాగుతున్నప్పటికీ కొన్ని ఆటలు జాబితా నుండి తొలగిపోతుంటాయి.

రెండవది ఆటను కొనుక్కోవడం. అయితే కొన్నదంతా సొంతమని భావించరాదు. అనేక ఆటలకు డీఆర్ఎం అనే సాంకేతికమైన తాళం ఉంటుంది. అది నకళ్లను అరికడుతుంది. కొన్నవారి స్వేచ్ఛనూ పరిమితం చేస్తుంది. సంస్థ సర్వర్లపైనే పూర్తిగా ఆధారపడిన ఆటల పరిస్థితి మరీ కష్టం. 2014లో విడుదలైన 'ది క్రూ' అనే కార్ల పందేల ఆటకు యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న సర్వర్లను నిలిపివేసింది. మూల్యం చెల్లించి కొన్నవారు సైతం దానిని ఆడలేకపోయారు.

2008లో పోలండులో ఆరంభమైన జీఓజీ అనే విక్రయశాల తాళం లేని ఆటలను అమ్ముతోంది. వాటిని డౌన్‌లోడ్ చేసి భద్రపరచుకొంటే, ఒంటరిగా ఆడే ఆటలు ఇంటర్నెట్ లేకున్నా నడుస్తాయి. కాని కొత్త ఆటలన్నీ ఈ రూపంలో లభించవు.

చందా గ్రంథాలయ సభ్యత్వం వంటిది. తాళం లేని ఆట సొంత పుస్తకం వంటిది. ఎన్నో ఆటలను ఒక్కొక్కసారి చూడగోరువారికి మొదటిది లాభదాయకం. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆడే ఆటకు రెండవదే శ్రేయస్కరం. చెల్లించే సొమ్ముకు లభిస్తున్నది వస్తువా, అనుమతి మాత్రమేనా అని ముందుగా తెలుసుకోవడం వివేకవంతుల లక్షణం.