జ్వరం ఉన్నా రన్నింగ్‌కి వెళ్లొచ్చా? ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్లు ముందు ఇది తెలుసుకోవాలి

తెల్లారగట్ల ఐదింటికి స్కూల్ గ్రౌండ్‌లోనో, రోడ్డు పక్కనో రన్నింగ్ చేసే యువత మరిపెడ చుట్టుపక్కల ఊళ్లకు, తండాలకు కొత్తేం కాదు. కొందరు పోలీస్ ఉద్యోగం కోసం, ఇంకొందరు ఆర్మీ కోసం. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలీదు కాబట్టి ప్రాక్టీస్ ఆపరు. చిక్కంతా వానాకాలంలోనే. జలుబో, దగ్గో, జ్వరమో ఏదో ఒకటి పట్టుకుంటుంది. అప్పుడొచ్చే డౌట్ ఒక్కటే. ఇవాళ పరిగెత్తాలా, మానేయాలా?

మానేస్తే స్టామినా పోతుందని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 డిసెంబర్ 8న మొదలైన తెలంగాణ పోలీస్ ఈవెంట్స్‌నే చూడండి. మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సి వచ్చింది. 400 మీటర్ల ట్రాక్ మీద లెక్కేస్తే మగవాళ్లకు ఒక్కో రౌండ్‌కి దొరికేది సుమారు 1 నిమిషం 48 సెకన్లు. ఈ రన్నింగ్‌లో పాసైతేనే లాంగ్ జంప్, షాట్‌పుట్ దాకా వెళ్లేది. ఉద్యోగం సెకన్ల మీద ఆధారపడినప్పుడు వారం రోజులు రెస్ట్ తీసుకోమంటే ఎవరికైనా చెవికెక్కదు.

అయితే అన్ని జబ్బులకూ రెస్ట్ అక్కర్లేదు. కొన్నిటికి మాత్రం ఒక్క రౌండ్ కూడా వేయకూడదు. తేడా తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

మెడ పైనా? కిందా?

అమెరికా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ ర్యాండీ ఐక్నర్ 1990ల్లో ఒక సింపుల్ పద్ధతి చెప్పారు. ఇప్పటికీ కోచ్‌లు ఎక్కువగా వాడేది అదే. ఇబ్బంది మెడ పైన మాత్రమే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో కాస్త గరగర లాంటివైతే నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు. పది నిమిషాలు సగం వేగంతో జాగింగ్ చేసి చూడాలి. ఒళ్లు తేలికపడితే కొనసాగించొచ్చు. తల దిమ్మెక్కినట్టుంటే అక్కడితో ఆపేసి ఇంటికెళ్లాలి.

మెడ కింద ఇబ్బంది ఉంటే, అంటే ఛాతీలో కఫం, ఆయాసం, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు లాంటివి ఉంటే ప్రాక్టీస్ బంద్. జ్వరం ఉంటే పైనా కిందా అని చూడాల్సిన పనే లేదు. బంద్.

జలుబు విషయంలో ఈ సడలింపుకి ఆధారం కూడా ఉంది. అమెరికాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 50 మంది విద్యార్థులకు కావాలనే జలుబు వైరస్ ఎక్కించారు. వాళ్లలో 34 మందితో రోజు విడిచి రోజు 40 నిమిషాలు వ్యాయామం చేయించి, మిగతా 16 మందిని ఊరికే ఉంచారు. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం జలుబు తీవ్రతలో గానీ, తగ్గడానికి పట్టిన టైమ్‌లో గానీ రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అది ఒట్టి జలుబు. వ్యాయామం కూడా ఓ మోస్తరుదే. స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రాణం పెట్టి 1600 మీటర్లు కొట్టే రన్నింగ్‌కి ఈ ఫలితం వర్తించదు.

‘చెమట పడితే జరం దిగుతది’ నిజమేనా?

గ్రౌండ్‌లో సీనియర్లు తరచూ చెప్పే మాట ఇది. అసలు విషయం తిరగేసి ఉంది. జ్వరం దిగేటప్పుడు ఒంట్లోని వేడి బయటికి పోవడానికి చెమట పడుతుంది. చెమట వల్ల జ్వరం దిగుతోందని మనం అనుకుంటాం. పరిగెత్తితే కండరాల్లో ఇంకా వేడి పుడుతుంది. అప్పటికే 102 డిగ్రీలున్న ఒంటికి ఆ వేడి కూడా తోడైతే నీళ్లు తగ్గిపోతాయి, కళ్లు తిరుగుతాయి.

గుండె సంగతి ఇంకా కీలకం. ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అంటే జ్వరంలో ఊరికే పడుకున్నా గుండె పని చేస్తూనే ఉంటుంది. పైగా కొన్ని వైరస్‌లు గుండె కండరానికే వాపు తెస్తాయి. దాన్నే మయోకార్డైటిస్ అంటారు. ఆ స్థితిలో గట్టిగా పరిగెత్తితే గుండె లయ తప్పి, కుప్పకూలే ప్రమాదం ఉంటుంది. ఇది వచ్చినవాళ్లను డాక్టర్లు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు గ్రౌండ్‌కి దూరంగా ఉంచుతారు.

స్వీడన్‌లో 1979 నుంచి 1992 మధ్య ఓరియంటీరింగ్ క్రీడాకారులు 16 మంది చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయారు. మ్యాపు పట్టుకుని అడవుల్లో పరిగెత్తే ఆట అది. పోస్ట్‌మార్టంలో చాలామంది గుండెల్లో ఈ వాపు ఆనవాళ్లే కనిపించాయి. చివరికి అక్కడ కొన్ని నెలలపాటు పోటీలు, ట్రైనింగ్ ఆపేశారు. ఇలాంటివి అరుదే. కానీ ఎవరి గుండెకి వైరస్ పాకిందో బయటికి చూస్తే తెలీదు. అందుకే జ్వరంలో అందరికీ ఒకే రూల్.

ట్యాబ్లెట్ వేసుకుని గ్రౌండ్‌కి వెళ్తే?

చాలామంది చేసే పని ఇదే. రాత్రి పారాసెటమాల్ వేసుకుంటారు, లేదంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటారు. పొద్దునకి ఒళ్లు చల్లగా ఉంటుంది, షూ వేసుకుని వెళ్లిపోతారు. ట్యాబ్లెట్ దించింది వేడిని మాత్రమే, లోపలి వైరస్ అలాగే ఉంది. ట్యాబ్లెట్ లేకుండా కనీసం 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే తగ్గినట్టు లెక్క.

డెంగీలో ఇది మరీ ప్రమాదం. ఈ జబ్బులో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుంది. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గే టైమ్‌లోనే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం జరుగుతుంది. ‘జ్వరం పోయింది కదా’ అని లాంగ్ జంప్ పిట్‌లో దూకినా, కబడ్డీ ఆడినా చిన్న దెబ్బకే లోపల రక్తస్రావం కావచ్చు. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వాడితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలం సీతారాం తండా మునిగిన సంగతి ఈ ప్రాంతం మర్చిపోలేదు. అంత వరద రాకపోయినా, మామూలు వానకి పాత టైర్లలో, తొట్లలో నిలిచిన నీళ్లు చాలు డెంగీ దోమకి. ఆ దోమ కుట్టేది పగలే, అందులోనూ పొద్దున్నే, సాయంత్రం ఎక్కువ. సరిగ్గా నిక్కర్లు వేసుకుని వార్మప్ చేసే టైమ్ అన్నమాట.

టీమిండియా క్రికెటర్ శుభ్‌మన్ గిల్‌కి కూడా 2023 వరల్డ్ కప్ ముందు డెంగీ వచ్చింది. ఎంత ఫామ్‌లో ఉన్నా ఆస్ట్రేలియా, అఫ్గానిస్థాన్ మ్యాచ్‌లకు పక్కన పెట్టారు. పాకిస్థాన్ మ్యాచ్‌కి తిరిగొచ్చాడు. చికున్‌గున్యా కథ వేరు. హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో ట్రైనింగ్ తీసుకున్న షట్లర్ హెచ్‌ఎస్ ప్రణయ్‌కి 2024 పారిస్ ఒలింపిక్స్ ముందు ఈ జ్వరం వచ్చింది. అలాగే బరిలోకి దిగాడు, ప్రీక్వార్టర్స్‌లో లక్ష్యసేన్ చేతిలో ఓడాడు. ఆ వెంటనే ఒళ్లు సహకరించడం లేదంటూ ఆటకి బ్రేక్ ప్రకటించాడు. డాక్టర్లు, ఫిజియోలు వెంట ఉండే ఆటగాడి పరిస్థితే అది. ఈ జ్వరంలో కీళ్ల నొప్పులు వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉంటాయి.

మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

మామూలు వైరల్ జ్వరమైతే, పైన చెప్పిన 24 గంటలు దాటాక మొదటి రోజు నడక చాలు. మర్నాడు నీరసం లేకపోతే నెమ్మదిగా జాగింగ్. టైమింగ్ చూసుకునే రన్నింగ్ నాలుగైదు రోజులు ఆగాకే. ఒక చిన్న చిట్కా ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రోజూ నిద్ర లేవగానే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్ని కొట్టుకుంటోందో రాసిపెట్టుకోవాలి. జ్వరం తగ్గాక కూడా అది మామూలుకన్నా పది ఎక్కువ ఉంటే ఒళ్లు ఇంకా కోలుకోలేదని అర్థం. దీనికి పైసా ఖర్చు లేదు.

డెంగీ, టైఫాయిడ్, కామెర్లు అయితే సొంత లెక్కలు పనికిరావు. టైఫాయిడ్‌లో పేగుకి రంధ్రం పడే ముప్పు జ్వరం మొదలైన రెండు మూడు వారాలకి కూడా ఉంటుంది. రక్త పరీక్ష చూసి డాక్టర్ సరేనన్నాకే గ్రౌండ్.

ఇక స్టామినా సంగతి. నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన ఒంటికి వారం, పది రోజుల రెస్ట్‌తో పోయేది కొంచెమే. తిరిగి మొదలుపెట్టాక అది త్వరగానే వచ్చేస్తుంది. జ్వరంలో పరిగెత్తి జబ్బు ముదిరితే పోయేది నెలలు.

పరిగెత్తేటప్పుడు ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు చీకట్లు కమ్మడం. జ్వరం దిగాక ఆగని వాంతులు, గట్టి కడుపునొప్పి, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, విపరీతమైన మగత... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. సర్కారు దవాఖానకి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చేయాలి.