రేంజరు సైకిలుకు రాని పళ్ళు

లావు టైర్లు, అడ్డకర్రలా తిన్నగా ఉండే హ్యాండిలు కనిపిస్తే చాలు, మన ఊళ్ళలో అది రేంజరు సైకిలే. పేరు హీరో కంపెనీ పెట్టింది. హెర్క్యులిస్ వాళ్ళ ఎంటీబీ కొనుక్కొచ్చినా చాలా ఇళ్ళలో దాన్నీ రేంజరనే పిలిచారు. ఆదోని, ఎమ్మిగనూరు, మాధవరం దారుల్లో బడిపిల్లలు ఇప్పటికీ తొక్కుతున్నవి ఎక్కువగా ఇలాంటివే. ఇవి అమెరికా కొండసైకిలుకు మనవలు. రూపం తాతదే. అయితే తాతను కొండ ఎక్కించిన భాగం వీటిలో చాలావాటికి రాలేదు. అది వెనక చక్రం ఇరుసు మీద ఉండాల్సిన పెద్ద పళ్ళచక్రం.

అది లేకపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. తొక్కేవాడు 65 కిలోలు, సైకిలు 20 కిలోలు అనుకుందాం. పది అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే మట్టిబాట. ఆ ఎత్తు 83 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతుంది. మట్టి మీద టైరు దొర్లేటప్పుడు పుట్టే అడ్డు ఇంకో 17. మొత్తం 100 న్యూటన్లు. సాధారణ ఆరోగ్యం ఉన్న మనిషి గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది దాదాపు 100 వాట్లు. ఈ బాటలో ఆ వాట్లకు దొరికే వేగం సెకనుకు ఒక మీటరు, అంటే నడకంత.

రేంజరుకు ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి 5 మీటర్లు పోతుంది. నడక వేగానికి నిమిషానికి పన్నెండే చుట్లు. ఒక్కో చుట్టుకూ 500 జౌళ్ళ పని, పాదం తిరిగే దూరమేమో మీటరు పైచిలుకు. సగటున 48 కిలోల బరువుతో నొక్కుతూనే ఉండాలి. క్రాంకు అడ్డంగా ఉన్నప్పుడే కాలి బలం బాగా పడుతుంది, పైన, కింద దాదాపు సున్నా. కాబట్టి ఆ అడ్డం క్షణంలో 75 కిలోలు కావాలి. మనవాడి బరువే 65! సీటు మీంచి లేచి పెడలుపై నిలబడ్డా చాలదు, హ్యాండిలును పైకి లాగుతూ మిగతా పది కిలోలూ చేతులతో కూడగట్టుకోవాలి. నాలుగు తొక్కులయ్యాక దిగి తోసుకుపోవడం సోమరితనమేమీ కాదు. నడిచినా వేగం అంతే కదా.

ఇప్పుడు ముందు 32, వెనక 50 పళ్ళున్న నేటి కొండసైకిలును అదే బాటలో పెట్టండి. ఒక చుట్టుకు మీటరున్నరకు కొంచెం తక్కువ పోతుంది. సగటు నొక్కుడు 14 కిలోలు, గరిష్ఠం 22. కూర్చునే తొక్కొచ్చు. గేరు బలాన్ని పుట్టించదు, వాట్లు అవే, వేగమూ అదే. కాలికి నచ్చిన లయలో ఆ వాట్లను రాబట్టడమే దాని పని. కండరానికి బరువుగా ఒకసారి నొక్కడం కంటే తేలిగ్గా మూడుసార్లు నొక్కడం సులువు. బరువు పెరిగేకొద్దీ తొందరగా అలిసిపోయే రకం కండపోగులు పనిలోకి దిగుతాయి.

ఇంత చిన్న సంగతిని సైకిలు లోకం ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1880లో హాన్స్ రెనాల్డ్ చేసిన రోలరు గొలుసు, 1885లో స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు, వీటితో బండి ఈనాటి ఆకారానికి దాదాపు వచ్చేసింది. కొండ మాత్రం అలాగే నిలబడి ఉంది. ఫ్రాన్స్‌లో సెంటెటియెన్ పట్నంలో పాల్ ద వీవీ అనే ఆయన ఉండేవాడు. మొదట పట్టు వ్యాపారి, తర్వాత సైకిళ్ళ దుకాణం, సైకిలు పత్రిక. చేనేతతోనే పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరు వాళ్ళకు ఈయన కొంత దగ్గరివాడిలా తోచవచ్చు. వెలోసియో అన్న కలం పేరుతో రాసేవాడు. ఊరి పక్క కొండదారే ఆయన ప్రయోగశాల. ముందు రెండు పళ్ళచక్రాలు బిగించి, చదునుకు ఒకటి, ఎక్కుడుకు ఒకటి చొప్పున గొలుసును చేత్తో మార్చుకునేవాడు. ఆయన ప్రచారం పుణ్యమా అని 1900ల తొలి దశకంలోనే గొలుసును పక్కకు నెట్టే గేరు యంత్రాలు ఫ్రాన్స్‌లో పుట్టుకొచ్చాయి.

పందేల పెద్దలకు మాత్రం అది మింగుడుపడలేదు. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకుడు ఆంరీ దెగ్రాంజ్ దృష్టిలో గేరు అంటే వయసు మళ్ళినవాళ్ళ సౌకర్యం. అందుకని మొనగాళ్ళు వెనక చక్రానికి రెండు వైపులా రెండు సైజుల పళ్ళు పెట్టుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవాళ్ళు. ఆ పందెంలో గేరు యంత్రానికి అనుమతి దొరికింది 1937లో. ఆ ఏడు గెలిచిన రోజె లాపెబీ దాన్ని వాడినవాడే. యంత్రం చేతిలో ఉండగా మగతనం పేరుతో ముప్పై ఏళ్ళు దాన్ని దూరం పెట్టారన్నమాట.

కొండసైకిలు పుట్టింది ఎక్కడానికి కాదన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన వంకర. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు 1930, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళను పాత సామాన్లలోంచి ఏరుకొచ్చి కొండ మీంచి మట్టిబాటన దొర్లించేవాళ్ళు. బండికి ఒకే గేరు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు. దిగువకు చేరేసరికి ఆ ఇరుసులో గ్రీజు కాలి పొగలు వచ్చేది, మళ్ళీ గ్రీజు కూరితే గాని ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ బాటకు రీప్యాక్ అని పేరు పడింది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం జరిగింది. మూడు కిలోమీటర్ల పైచిలుకు బాటలో దాదాపు 400 మీటర్ల దిగుడు. పైకి ఎలా చేరేవాళ్ళంటే తోసుకుంటూ, లేదా ట్రక్కులో.

ఎక్కే ఆలోచన వేరే ఊరి నుంచి వచ్చింది. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన ఒక బురద పందేనికి కుపర్టీనో కుర్రాళ్ళు లావు టైర్ల పాత బళ్ళకు గేర్లు తగిలించుకుని దిగారు. బొటనవేలితో నొక్కే మీటలు హ్యాండిలు మీదే ఉన్నాయి. మారిన్ వాళ్ళ కళ్ళు అక్కడ తెరుచుకున్నాయి. గ్యారీ ఫిషర్ తన ష్విన్‌కూ గేర్లు పెట్టుకున్నాడు. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేము అతికాడు. 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో దుకాణం తెరిచారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను జపాన్‌లో చేయించి అమ్మకానికి పెట్టింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో పోటీ కూడా వచ్చింది.

ఆ గేరు యంత్రం అసలు మెదడు జపాన్‌లో తయారైంది. వెనక పళ్ళచక్రాలు చిన్నదాని నుంచి పెద్దదానికి మెట్లలా పేర్చి ఉంటాయి. గొలుసును నెట్టే చిన్న కప్పీ నేరుగా పక్కకు జరిగితే చిన్న చక్రం దగ్గర దూరమైపోతుంది, గొలుసు తడబడుతుంది. 1964లో సన్‌టూర్ కంపెనీ ఆ కప్పీని మోసే చట్రాన్ని ఏటవాలుగా తిప్పింది. ఇక కప్పీ మెట్ల వాలునే అనుసరిస్తూ ప్రతి చక్రానికీ ఒకే ఎడంలో నిలిచింది. 1984లో ఆ అమరికపై ఉన్న పేటెంటు గడువు తీరింది. అదే ఏడు షిమానో కంపెనీ టక్కుమని ఒక్కో మెట్టు పడే మీటను తెచ్చింది. అంతకుముందు చెవితో విని, వేలితో సర్దుకోవాల్సి వచ్చేది. దాంతో కొత్తవాడు కూడా రాళ్ళ మీద గేరు మార్చగలిగాడు, సన్‌టూర్ మాత్రం ఆ దెబ్బనుంచి కోలుకోలేకపోయింది. 2012లో స్రామ్ కంపెనీ ముందు ఒకే పళ్ళచక్రం, వెనక పదకొండు పెట్టింది. 2016లో అవి పన్నెండై, వెనక పెద్దది 50 పళ్ళకు చేరింది.

బండి దారికొచ్చాక కాలు సంగతి. పెడలును కిందికి నొక్కడమే కాదు, పైకి లాగాలి కూడా అని చాలామంది గురువులు చెబుతారు. ప్రయోగశాలలో ఆక్సిజన్ కొలిచి చూసినప్పుడు లాగుడు వల్ల ఖర్చు పెరిగిందే గాని తగ్గలేదు. వెనక కాలు తన బరువు తానే పైకి తీసుకుంటే చాలు. అలాగే 1983లో షిమానో బయోపేస్ అనే కోడిగుడ్డు ఆకారపు పళ్ళచక్రం తెచ్చింది, పదేళ్ళు తిరగకుండా మరుగున పడింది. పట్టు జారే నేల మీద మాత్రం తొక్కుడు తీరు నిజంగా లెక్కలోకి వస్తుంది. ఆదోని చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల అంచున గరుసు మన్ను ఉంటుంది. అక్కడ నిలబడి ఒక్క ఊపున నొక్కితే వెనక చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. కూర్చుని, ఛాతీని హ్యాండిలు వైపు వంచి, నిమిషానికి అరవై డెబ్బై చుట్లు సమంగా తిప్పితే వెనక బరువూ ఉంటుంది, ముందు చక్రమూ లేవదు. ఇది తేలిక గేరుంటేనే కుదిరే విద్య.

సీటు ఎత్తు మనవాళ్ళు దాదాపుగా పట్టించుకోరు. కూర్చుని రెండు కాళ్ళూ నేలకానాలని దించేస్తారు, తర్వాత మోకాళ్ళ నొప్పులంటారు. పెడలు అడుగున ఉండగా దానిపై మడమ ఆనించితే కాలు తిన్నగా చాచుకోవాలి. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు అప్పుడు కొద్దిగానే వంగుతుంది.

ఆదోని కోట ఉన్న గుట్టల్లో పెద్దవి మైదానం నుంచి 800 అడుగులు లేస్తాయని పాత గెజిటీర్ల మాట. సైకిలు పోయే దారి అనుకోకండి, ఎత్తు లెక్కకోసమే చెబుతున్నా. మన 85 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి రెండు లక్షల జౌళ్ళు చాలు. ఒంట్లో నాలుగో వంతుకు కాస్త తక్కువే పనిగా మారుతుంది గనుక తినాల్సింది 200 కిలోక్యాలరీల పైమాట, అంటే 60 గ్రాముల జొన్నపిండి. కొండెక్కడానికి తిండి సమస్య కాదు, అంత పనిని ఎంతసేపట్లో చేయగలమన్నదే సమస్య. దానికి వారంలో ఎక్కువ రోజులు మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో, ఒకట్రెండు రోజులు మాట పెగలని ఎక్కుళ్ళలో నాలుగేసి నిమిషాలు, మధ్యలో విరామంతో సాధన చేయాలి. సాధన చేసినవాళ్ళు 200 వాట్లు దాటుతారు, అదే బాటలో వాళ్ళ వేగం రెట్టింపు.

టైర్ల విషయంలో మనకూ కాలిఫోర్నియాకూ ఒకే శత్రువు. అది పల్లేరుకాయ. మన పక్క నుంచి ఐరోపా దాకా పెరిగే ఈ మొక్క అమెరికా పడమటి రాష్ట్రాలకూ పాకింది. దాన్ని తినే ముక్కుపురుగులను 1961లో ఇటలీ నుంచి తెప్పించి మరీ వదిలారు. కొండసైకిలు వాళ్ళు ట్యూబు తీసేసి టైరులో జిగురుద్రవం పోసుకున్నారు, ముల్లు దిగిన చోట అదే గడ్డకట్టి మూసుకుంటుంది. నల్లరేగడికి అలాంటి మందు లేదు. తొలకరి తర్వాత పొలంబాటన పోతే మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య బిగిసి చక్రం ఆగిపోతుంది. ఎడం ఎక్కువున్న ఫ్రేము, రిమ్మును పట్టుకోని డిస్కు బ్రేకు ఉంటే కొంత నయం.

వేలు పోసి పన్నెండు గేర్ల బండి కొనలేనివాళ్ళు ఇంట్లో ఉన్న రేంజరును సైకిలు షాపుకు తీసుకెళ్ళి 18 పళ్ళ ఫ్రీవీలు తీయించి 22 పళ్ళది వేయించుకోవచ్చు. గొలుసుకు రెండు లింకులు కలపాల్సి రావచ్చు. ఒక చుట్టుకు 5 మీటర్లు పోయే బండి ఇప్పుడు 4.1 మీటర్లే పోతుంది. చదును మీద గంటకు 15 కిలోమీటర్లకు నిమిషానికి 50 చుట్లు సరిపోయేచోట 61 తొక్కాలి, అది కాలికి మంచిదే. అదే పదికొకటి ఎక్కుడులో 75 కిలోలు అడిగిన పెడలు 61 కిలోలే అడుగుతుంది. మనవాడి బరువు 65.