బెస్ట్ బిఫోర్

ప్యాకెట్ విప్పకుండా, లేబుల్‌పై చెప్పినట్టు నిల్వ చేస్తే పదార్థం రుచి, వాసన ఏ తేదీ వరకు తగ్గవో తెలిపేదే బెస్ట్ బిఫోర్. అది దాటగానే తిండి విషమైపోదు. బిస్కెట్ మెత్తబడుతుంది, అంతే. ఎక్స్‌పైరీ వేరు: ఆ తేదీ దాటితే తినకూడదు. మన దేశంలో 2020 లేబులింగ్ నిబంధనలు ఎక్స్‌పైరీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ను ఐచ్ఛికంగా ఉంచాయి. విడి మిఠాయిల ట్రేలపై మాత్రం 2020 అక్టోబరు 1 నుంచి బెస్ట్ బిఫోర్ తేదీ ఉండాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అప్పట్లో ఆదేశించింది. నెల్లూరు మలై కాజా కూడా అలాంటి మిఠాయే. మీగడ చేరిన సరుకు కాబట్టి ఇక్కడ తేదీని తేలిగ్గా తీసుకోవడం ప్రమాదం. తేదీ లేని సరుకును కంటితోనే చూసుకోవాలి: తీరంలో విడిగా అమ్మే ఉప్పుచేపపై ఎర్రటి జిగురు కనబడితే అది చెడినట్టే. అయితే చూపు, వాసన ప్రతిసారీ పట్టివ్వవు: లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ ఏ వాసనా లేకుండా పెరుగుతుంది.