ఒక్క చుక్కతో అన్ని క్యాన్సర్లూ తెలిసిపోతాయా?

పోయిన వారం మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఇంట్లోనే మూత్రం పట్టి పంపిస్తే చాలట, రకరకాల క్యాన్సర్లు ముందే తెలిసిపోతాయట. మార్కాపురంలో ఉండే మా పిన్ని దాన్ని గ్రూపులో పెట్టి నన్ను ట్యాగ్ చేసింది. "నువ్వు కంప్యూటర్ చదువు చదివావు కదరా, ఇది నిజమో కాదో చూసి చెప్పు. నిజమైతే ఇంట్లో అందరికీ చేయిద్దాం" అంది.

నేను రాసేది కోడ్. డాక్టర్ని కాను. కానీ మా ఇంట్లో ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. దాని వెనక మా పెద్దమామ ఉన్నాడు.

"వేడి చేసిందిలే అల్లుడా"

మామది తర్లుపాడు దగ్గర పల్లె. అరవైకి దగ్గరపడ్డాడు. ముప్పై ఏళ్లుగా బీడీ తాగుతున్నాడు. రెండేళ్ల కిందట మే నెలలో ఒకరోజు ఆయనకి మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. మా వైపు మే నెల ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు కదా. ఫోన్ చేసి అడిగితే "ఏం లేదు, వేడి చేసిందిలే అల్లుడా" అన్నాడు. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, రెండు కొబ్బరిబోండాలు తాగాడు. మర్నాటికి మామూలైపోయింది. పేరు బోండాలకి వచ్చింది.

సెప్టెంబరులో మళ్లీ ఎర్రగా వచ్చింది. ఈసారి అత్త ఊరుకోలేదు. మార్కాపురం తీసుకొచ్చి మూత్రపరీక్ష, స్కానింగ్ చేయించింది. అక్కడి నుంచి రైలెక్కి గుంటూరు వెళ్లారు. సన్నటి గొట్టానికి కెమెరా పెట్టి మూత్రాశయం లోపల చూస్తే చిన్న గడ్డ. క్యాన్సరే. అదృష్టం ఏంటంటే అది ఇంకా లోపలి పొరల్లోనే ఉంది. పొట్ట కోయకుండా మూత్రనాళం గుండానే తీసేశారు. మామ ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఈ క్యాన్సర్ మళ్లీ మళ్లీ వచ్చే రకం. అందుకే మూడు నెలలకోసారి కెమెరా పరీక్షకి వెళ్లొస్తున్నాడు.

మే నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు మేమంతా వేడి అనుకుంటూ కూర్చున్నాం. నేను కూడా.

అసలు మూత్రంలో ఏం దొరుకుతుంది?

వీడియోలో చెప్పింది మొత్తం అబద్ధమేం కాదు. కిడ్నీలు రక్తాన్ని వడపోసేటప్పుడు కణాల నుంచి విడిపోయిన డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రొటీన్ల చిన్న ముక్కలు మూత్రంలోకి వస్తాయి. మూత్రాశయం లోపలి పొర నుంచైతే కణాలే రాలి నేరుగా అందులో పడతాయి. అందుకే ఈ దారికి దగ్గరగా ఉన్న క్యాన్సర్ల విషయంలో మూత్రపరీక్ష పాత సంగతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చేసే పాప్ పరీక్ష పేరు విన్నారు కదా? ఆ పరీక్షకి పేరిచ్చిన పాపనికొలావే 1945లో మూత్రంలోని కణాలను మైక్రోస్కోప్ కింద చూసి క్యాన్సర్ గుర్తించే పద్ధతి గురించి రాశాడు. ఇప్పటికీ అది వాడుకలో ఉంది. ముదురు రకం గడ్డల్ని బాగానే పట్టుకుంటుంది, నెమ్మదిగా పెరిగే రకాన్ని చాలాసార్లు వదిలేస్తుంది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి పీసీఏ3 అనే మూత్రపరీక్ష ఉంది. 2012లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది. కానీ ఎవరికి? ఒకసారి బయాప్సీ చేసినా ఏమీ దొరకని మగవాళ్లకి, మళ్లీ బయాప్సీ కావాలా వద్దా అని తేల్చుకోవడానికి. దారిన పోయే వాళ్లందరికీ చేయడానికి కాదు.

ఊపిరితిత్తులు, పాంక్రియాస్ లాంటి దూరపు అవయవాల క్యాన్సర్లూ మూత్రంలో తెలుస్తాయా? ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఎంఐటీలో సంగీతా భాటియా బృందం నానో కణాలను ఒంట్లోకి పంపి, క్యాన్సర్ గడ్డలోని ఎంజైములు వాటిని కత్తిరిస్తే ఆ ముక్కలు మూత్రంలో కనబడేలా చేసింది. 2014లోనే ప్రెగ్నెన్సీ కిట్ లాంటి కాగితం పట్టీ మీద ఫలితం చూపించారు. అయితే అది ఎలుకల్లో.

జపాన్‌లో ఇంకో విచిత్రం. సీ ఎలిగాన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగు క్యాన్సర్ రోగుల మూత్రం వాసనకి దగ్గరగా పాకుతుందని 2015లో ఒక పరిశోధన వచ్చింది. 242 నమూనాల మీద 95 శాతం పైగా సరిగ్గా చెప్పిందన్నారు. 2020లో వ్యాపారంగా మొదలుపెట్టారు. జనం బాగా వాడారు. తర్వాత అక్కడి డాక్టర్లే ఇది నిజంగా పనిచేస్తోందా అని ప్రశ్నించారు.

95 శాతం అంటే సరిపోదా?

ఇక్కడే నా కంప్యూటర్ చదువు కొంచెం పనికొచ్చింది. ఊహకి ఒక లెక్క వేద్దాం. లక్షమంది ఉన్న ఊరు. అందులో 500 మందికి తెలియకుండా క్యాన్సర్ ఉందనుకోండి. పరీక్ష 90 శాతం కరెక్ట్ అనుకోండి.

ఉన్న 500 మందిలో 450 మందిని పట్టుకుంటుంది. 50 మందికి "మీకేం లేదు" అని చెప్పి ఇంటికి పంపిస్తుంది. మిగతా 99,500 మంది ఆరోగ్యవంతుల్లో పది శాతం, అంటే 9,950 మందికి "ఉంది" అని తప్పుగా చెబుతుంది. మొత్తం పాజిటివ్‌లు 10,400. అందులో నిజమైనవి 450. దాదాపు 23 మందిని భయపెడితే ఒక్కరికి నిజం.

ఆ మిగతా 22 మంది ఏం చేస్తారు? నిద్ర మానేసి, అప్పు చేసి, స్కాన్ల చుట్టూ తిరుగుతారు. ఏ అవయవంలో వెతకాలో కూడా తెలియదు. ఊరికే మోగే అలర్ట్‌ని ఆఫీసులో మేం మ్యూట్ చేస్తాం. ఒంటి గురించి మోగితే మ్యూట్ చేయలేం కదా.

మామకి వచ్చిన మూత్రాశయ క్యాన్సర్ సంగతే చూడండి. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ మూత్రపరీక్ష చేస్తూ పోతే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని అమెరికా నిపుణుల బృందం 2011లో తేల్చింది. లక్షణం లేనివాళ్లని జల్లెడ పట్టడం వేరు, లక్షణం కనబడినవాళ్లని పరీక్షించడం వేరు. వీడియో ఈ రెండింటినీ కలిపేసింది.

మరి మనం చేయాల్సింది?

మూత్రం ఎర్రగా, టీ డికాషన్ రంగులో ఒక్కసారి వచ్చినా, నొప్పి లేకపోయినా, తర్వాత ఆగిపోయినా డాక్టర్‌కి చూపించుకోండి. మూత్రాశయ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే మొదటి గుర్తు ఇదే. ఒకరోజు వచ్చి వారాల తరబడి కనబడకుండా పోవడం దాని అలవాటు. రాళ్లు, ఇన్ఫెక్షన్, ప్రొస్టేట్ వాపు వల్ల కూడా రక్తం రావచ్చు. బీట్‌రూట్ తిన్నా, టీబీ మందు రిఫాంపిసిన్ వేసుకున్నా రంగు మారుతుంది. ఏదో తేల్చాల్సింది డాక్టరు, కొబ్బరిబోండాం కాదు.

మొదటి మెట్టు ఖరీదైన కిట్ కాదు. మన ల్యాబుల్లో సీయూఈ అని రాసే మామూలు మూత్రపరీక్షే. మైక్రోస్కోప్ కింద ఒక ఫీల్డ్‌లో మూడు, అంతకన్నా ఎక్కువ ఎర్ర రక్తకణాలుంటే రక్తం పోతున్నట్టు లెక్క. ఆడవాళ్లు నెలసరి రోజుల్లో ఉంటే ముందే చెప్పాలి.

బీడీ, సిగరెట్ తాగేవాళ్లు ఇంకా జాగ్రత్త. పొగలోని రసాయనాలు రక్తంలో కలిసి, కిడ్నీలు వడపోశాక మూత్రాశయంలో గంటలకొద్దీ నిలవుంటాయి. ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగే కారణం. పొదిలిలో పొగాకు వేలం కేంద్రం ఉన్న ప్రాంతం మనది. మామ బీడీ మానేశాడు, కానీ గడ్డ తీశాక.

ఇక అందరికీ చేయాల్సిన స్క్రీనింగ్ అంటారా? 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 దాటినవాళ్లకి నోటి క్యాన్సర్, ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వమే చేయాలి. మీ ఊరి ఏఎన్ఎంని అడగండి. వీటిలో ఏదీ మూత్రపరీక్ష కాదు. మూత్రంలో హెచ్‌పీవీ వైరస్‌ని వెతికే పద్ధతి మీద పరిశోధన నడుస్తోంది. అది వస్తే సిగ్గుతో పరీక్షకి రాని ఆడవాళ్లకి ఎంతో మేలు.

చివరికి పిన్నికి ఇలా మెసేజ్ పెట్టాను: "ఆ కిట్ కొనొద్దు పిన్నీ. ఆ డబ్బులతో బాబాయిని ఒకసారి మార్కాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి నోరు చూపించు, గుట్కా మానడం లేదుగా. నువ్వు కూడా పరీక్ష చేయించుకో. ఇంట్లో ఎవరికైనా ఎర్రగా కనబడితే, వేడి అనుకోకుండా నాకు ఫోన్ చేయండి."

పిన్ని ఇంకా జవాబివ్వలేదు. కింద మామ మాత్రం ఒక బొటనవేలు గుర్తు పెట్టాడు.