తెర – తెరవెనుక

కంప్యూటరు ముందు కూర్చున్నవారికి కనిపించేది తెర ఒక్కటే. అది కదలక నిలిచిపోతే యంత్రమంతా నిలిచిపోయిందని భావించడం సహజం. వెంటనే స్విచ్చి నొక్కి యంత్రాన్ని ఆపివేసేవారు అనేకులు. కాని యూనిక్స్ సంప్రదాయానికి చెందిన వ్యవస్థలలో తెరను నడిపేది వేరు, యంత్రాన్ని నడిపేది వేరు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్‌కు రూపకల్పన చేశారు. నాడు ఆదేశమైనా, సమాధానమైనా అక్షరాలలోనే. 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ‘ఎక్స్ విండో’ వ్యవస్థ జన్మించింది. తెరపై విండోలను, బొమ్మలను చూపే ఈ వ్యవస్థను, యంత్రానికి గుండెకాయ వంటి ‘కెర్నెల్’లో కలపక, విడి ప్రోగ్రాముగా నిలిపారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌లోనూ ఈ విభజనే కొనసాగింది. అందువల్ల తెర కుప్పకూలినా, కెర్నెల్ తన పని తాను చేసుకుపోగలదు.

తెర స్తంభించినప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే, అనేక లినక్స్ యంత్రాలలో అక్షరాల తెర ఒకటి ప్రత్యక్షమవుతుంది. పేరు, సంకేతపదం తెలిపి లోనికి ప్రవేశించాలి. మొదట మొరాయిస్తున్న ప్రోగ్రామును గుర్తించి, దానిని మాత్రమే ముగించడం ఉత్తమం. అది ఫలించనప్పుడే తెరను ఆపాలి. ‘సిస్టమ్‌డీ’ ఉన్న యంత్రాలలో నిర్వాహకుని అధికారంతో ‘సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ డిస్‌ప్లే-మేనేజర్’ అనే ఆదేశాన్ని ఆంగ్లాక్షరాలలో ఇస్తే తెర ఆగుతుంది. ‘స్టాప్’ స్థానంలో ‘స్టార్ట్’ అంటే మొదలవుతుంది. ‘రీస్టార్ట్’ అంటే ఆగి, తిరిగి మొదలవుతుంది.

అయితే దీనికి మూల్యం లేకపోలేదు. తెరను ఆశ్రయించి నడిచే ప్రోగ్రాములు దానితోపాటే ముగుస్తాయి. భద్రపరచని వ్యాసమైనా, లెక్కలైనా తిరిగి రావు. పూర్వం కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ మీటలను కలిపి నొక్కగానే ఎక్స్ తెర ఆగిపోయేది. పొరపాటున నొక్కినవారి శ్రమ వ్యర్థమవుతున్నందున, 2009 ప్రాంతంలో ఆ సౌకర్యం ముందుగానే అమరి ఉండే పద్ధతిని మాన్పించారు.

తెరతో సంబంధం లేని పనులు మాత్రం ఆగవు. ముద్రణ సాగుతుంది; దూరాన ఉండి అదే యంత్రాన్ని వాడుతున్నవారికి అంతరాయం కలగదు. స్విచ్చి నొక్కితే వారందరి పనీ ఒక్కసారిగా నిలిచిపోతుంది. అప్పుడే రాయబడుతున్న ఫైళ్లు పాడుకావచ్చు. కెర్నెలే నిలిచిపోయినప్పుడు స్విచ్చి తప్ప గత్యంతరం లేదు. కాని అది చివరి మార్గమే తప్ప మొదటిది కారాదు. అంకానికీ అంకానికీ నడుమ తెర పడినంతమాత్రాన నాటకం ముగియదు కదా!