పసిబిడ్డకు ఛేంజింగ్ మ్యాట్ కొనవలెనా?

ఇంట్లో పురుడు రానున్నదనగానే కొనవలసిన వస్తువుల పట్టీ తయారవుతుంది. ఊయల, దోమతెర, నూనె, సబ్బు, లంగోటీలు మొదలైన వాటితోపాటు ఈ మధ్య మరొక పేరు ఆ పట్టీలో చేరుతున్నది. అదే డైపర్ ఛేంజింగ్ మ్యాట్. బిడ్డకు తడిసిన గుడ్డ మార్చేటప్పుడు క్రింద పరచుకొనే, తడి దిగని చిన్న పరుపు ఇది. ఇది నిజంగా అవసరమా, లేక వృథా ఖర్చా అని మా వైద్యశాలకు వచ్చే గర్భిణులు, వారి తల్లులు, అత్తలు తరచుగా అడుగుతున్నారు. ప్రశ్న చిన్నదే అయినా దానిలో పసిబిడ్డ చర్మరక్షణ, బాలింత విశ్రాంతి రెండూ ఇమిడి ఉన్నాయి. కావున కొంత వివరంగా చెప్పదలచాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకొనవలెను. ఈ మ్యాటు కాపాడేది పరుపును, దుప్పటిని, బిడ్డను కాదు. బిడ్డ చర్మాన్ని కాపాడేవి మూడే: తడిసిన వెంటనే మార్చే చేయి, శుభ్రమైన నీరు, బాగా ఆరిన గుడ్డ. ఈ మూడూ ఉన్న ఇంట్లో మ్యాటు ఒక సౌకర్యం. ఇవి లేనిచోట ఎంత ఖరీదైన మ్యాటు పరచినా ప్రయోజనం శూన్యం.

పాత అవసరమే, కొత్త పేరు

మన పెద్దవారు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకొని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోసేవారు. గుడ్డ మార్చడమూ చాలాసార్లు అక్కడే జరిగేది. బిడ్డ జారిపడే అవకాశం లేదు. చేయి బిడ్డను వదిలేదీ లేదు. ఆ తరువాతి స్థానం పాత నూలుచీరలతో కుట్టిన బొంతలది.

ఆసుపత్రులలో రబ్బరు గుడ్డ వాడేవారు. 1823లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ మెకింతోష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పొరను అతికించి, నీరు దిగని వస్త్రానికి పేటెంటు పొందాడు. ఆయన పేరు మీదనే ఆసుపత్రి రబ్బరు గుడ్డకు మెకింతోష్ అన్న పేరు నిలిచింది.

నేడు అంగళ్ళలో మూడు రకాలు దొరుకుతున్నాయి. మొదటిది పాత రబ్బరు షీటు. రెండవది డ్రై షీటు. పైన మెత్తని గుడ్డ, అడుగున తడి దిగని పొర ఉంటాయి. మూడవది స్పాంజి నింపి, ప్లాస్టిక్ తొడుగు వేసి, అంచులు ఎత్తుగా కుట్టిన మ్యాటు. అన్నింటి పనీ ఒక్కటే.

శాస్త్రం ఏమంటున్నది?

చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం శిశువు పడకను గురించి ప్రత్యేకంగా చెప్పింది. శిశువు పక్కబట్టలు మృదువుగా, తేలికగా, శుచిగా ఉండవలెనన్నది. చెమట, మలమూత్రాలు, క్రిములు అంటినవి విడిచిపెట్టమన్నది. వేరే బట్టలు సమకూర్చుకొనే వీలు లేనివారు ఉన్నవాటినే బాగా ఉతికి, ధూపం వేసి, పూర్తిగా ఆరిన తరువాత వాడుకొనవచ్చునని కూడా అనుమతించింది. లేనివారిని కొనితీరవలెనని ఆచార్యులు నిర్బంధించలేదు. శుభ్రత విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాల నడుమ అహిపూతన అనే వ్యాధి వర్ణన ఉన్నది. మలమూత్రాలు అంటిన చోట కడగకపోవడం వల్ల, చెమట పట్టిన బిడ్డకు స్నానం చేయించకపోవడం వల్ల దురద, పొక్కులు, స్రావం కలుగుతాయని అందులో చెప్పారు. డైపర్ రాష్ అని నేడు మనం అంటున్నది చాలావరకు ఇదే. ఆధునిక వైద్యం దీని కారణాన్ని మరింత వివరించింది. ఎక్కువసేపు తడిలో నానిన చర్మం మెత్తబడి సులభంగా ఒరుసుకుపోతుంది. మూత్రం, మలం కలిసినప్పుడు చర్మం మీది సహజమైన ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు మలంలోని జీర్ణరసాలు విజృంభించి చర్మాన్ని తింటాయి. ఈ కారణాలలో ఏ ఒక్కటీ మ్యాటుతో తొలగదు.

మన బొగ్గు ప్రాంతంలో

నేను వైద్యం చేస్తున్న గోలేటి సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం; రెబ్బెన మండలంలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నది. ఓపెన్‌కాస్టు గనులు, బొగ్గు లారీలు తిరిగే దారులు దగ్గరలో ఉన్న ఊళ్ళలో ఆరుబయట వేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి మసిబారుతుంది. వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. వానాకాలంలో దళసరి బొంత రెండు రోజులకైనా ఆరదు. ఇంటి యజమాని రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి పగలు నిద్రించవలసి ఉంటుంది. చిన్న క్వార్టరులో ఉన్న మంచం ఆయనకే సరిపోతుంది.

ఇటువంటి ఒక ఇంటి నుండి తల్లీకూతుళ్ళు నా వద్దకు వచ్చారు. "సారూ, మేం నలుగురు పిల్లల్ని బొంతల మీదనే పెంచినం గద, ఇదెందుకు?" అన్నది తల్లి. "ఆ బొంతలు ఇప్పుడు ఉతికేదెవరమ్మా?" అన్నది కూతురు. ఇద్దరి మాటా నిజమే. నవజాత శిశువుకు రోజుకు ఎనిమిది నుండి పన్నెండుసార్లు గుడ్డ మార్చవలసి రావచ్చును. ప్రతిసారీ బొంత తడిస్తే ఉతికే భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించవలెను. సుశ్రుతుడు బాలింతకు నెలా పదిహేను రోజులు ప్రత్యేక నియమాలు విధించాడు. ఆ కాలంలో తడి బొంతలు ఎత్తి పిండే పని ఆమెకు కూడదు. మ్యాటు వల్ల కలిగే అసలు లాభం ఇదే. అది చాకిరిని తగ్గిస్తుంది.

ఎవరు కొనవలెను, ఎవరికి అక్కరలేదు?

ఇంట్లో సహాయం చేసేవారు తక్కువైనా, నీటి సరఫరా అంతంతమాత్రమైనా, పురుడు వానాకాలంలో వచ్చినా, ప్రసవం శస్త్రచికిత్సతో జరిగి బాలింత ఎక్కువగా వంగలేకపోయినా తడి దిగని షీటు కొనుక్కొనడం మంచిది. అప్పుడు కూడా సాధారణ డ్రై షీట్లు రెండు చాలును. ఒకటి ఆరుతుండగా మరొకటి వాడవచ్చును. మంచి నూలుగుడ్డలు సమృద్ధిగా ఉండి, ఉతికి ఆరవేసేవారు ఉన్న ఇంటికి ఇది తప్పనిసరి కాదు. మిగిలిన సొమ్ముతో మరి కొన్ని లంగోటీలు కుట్టించుకొనడం మేలు.

స్పాంజి మ్యాటు కొనేవారు దాని కుట్లను పరీక్షించవలెను. కుట్ల గుండా తడి లోపలికి దిగితే స్పాంజి ఆరదు, దుర్వాసన పట్టుతుంది. తుడవగానే శుభ్రమయ్యేది, ఘాటైన ప్లాస్టిక్ వాసన లేనిది ఎంచుకొనవలెను.

ఇంట్లోనే తయారీ

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల రబ్బరు షీటు ముక్క తీసుకొనండి. దాని మీద మెత్తబడిన పాత నూలుచీరను నాలుగు మడతలుగా పరచండి. తడిసినప్పుడు చీర మడత మాత్రం మార్చి, రబ్బరును సబ్బునీటితో తుడిస్తే సరిపోతుంది. బిడ్డ ఒంటికి రబ్బరు గాని, ప్లాస్టిక్ గాని నేరుగా తగలరాదు. మన ఎండలకు క్షణంలో చెమట పట్టి చెమటకాయలు లేస్తాయి.

మలం అంటిన గుడ్డను ముందు చన్నీటితో జాడించి, పిదప వేడినీటిలో సబ్బుతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేవరకు రెండుసార్లు జాడించవలెను. దారివైపు కాక పెరటివైపు ఎండలో ఆరవేసి, దులిపి మడవవలెను. ముసురు రోజులలో ఇస్త్రీ చేసి వాడవచ్చును. గుడ్డలు ఆరడానికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం. దాని నుండి వెలువడే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు.

ఏది వాడినా పాటించవలసినవి

1. నేల మీద చాప, దానిపై బొంత, ఆపైన మ్యాటు పరచి గుడ్డ మార్చడం అన్నిటికన్నా క్షేమం. మంచం మీద మార్చేటట్లయితే ఒక చేయి ఎల్లప్పుడూ బిడ్డ మీద ఉండవలెను. ఎత్తయిన అంచులను నమ్మరాదు. ఒక తల్లి మ్రోగుతున్న ఫోను కోసం ఇటు తిరిగేలోగా నెలబిడ్డ మంచం మీది నుండి జారిన సందర్భం నాకు తెలుసు. క్రింద బొంతలు ఉండబట్టి గండం గడిచింది. నెలల బిడ్డ ఏ కొంచెం ఎత్తు నుండి పడినా వెంటనే ఆసుపత్రిలో చూపించవలెను.

2. కావలసినవన్నీ చేతికి అందేలా ముందే పెట్టుకొని, ఆ తరువాతనే బిడ్డను పడుకోబెట్టవలెను.

3. మెత్తని మ్యాటు మీద బిడ్డను నిద్రపుచ్చరాదు. ముఖం అందులో కూరుకుపోతే ఊపిరాడదు. నిద్రకు గట్టి, సమతలమైన పడక మీద వెల్లకిల పడుకోబెట్టవలెను.

4. గోరువెచ్చని నీటితో తడిపిన మెత్తని గుడ్డతో తుడవవలెను. ఆడశిశువుకు ముందు నుండి వెనుకకే తుడవవలెను. తడి అద్దిన తరువాత కాసేపు గాలి తగలనిచ్చి, పలుచగా కొబ్బరినూనె రాయవచ్చును.

5. పౌడరు చల్లరాదు. ఆ ధూళి బిడ్డ ఊపిరితిత్తులలోకి పోతుంది. ధూపం గుడ్డలకు వేయదలచినవారు బిడ్డ లేని గదిలో వేసి, పొగ వాసన పోయేవరకు గాలికి ఆరవేసి వాడవలెను.

6. బొడ్డు రాలేవరకు లంగోటీని బొడ్డుకు దిగువగా మడవవలెను. కాళ్ళు చాపి బిగించి చుట్టరాదు. తొడలు కదిలే వీలుండవలెను.

7. కొన్న డైపరు వాడేవారు రెండు మూడు గంటలకొకసారి, మలవిసర్జన అయితే వెంటనే మార్చవలెను.

ఎరుపుదనం మూడు రోజులలో తగ్గకపోయినా, చీము పొక్కులు లేచినా, చర్మపు ముడుతలలో ఎర్రని మచ్చలు వ్యాపిస్తున్నా ఇంటి వైద్యం ఆపి వైద్యుని సంప్రదించవలెను. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరినా, పాలు త్రాగడం మానినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవలెను. పుట్టిన వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకన్నా తక్కువగా మూత్రం పోస్తుంటే పాలు చాలడం లేదేమోనని వైద్యునికి చూపించవలెను. గుడ్డలు ఎన్ని తడిశాయో లెక్క ఉంచుకొనే తల్లికి ఈ సంగతి అందరికన్నా ముందుగా తెలుస్తుంది.