తీగ తెగితే బూస్ట్ ఎటు పోతుంది?

టర్బో కారుకు విడిగా కొన్న బూస్ట్ సొలినాయిడ్ బిగించడం చూడ్డానికి చిన్న పని. రెండే వైర్లు, మూడు గొట్టాలు. 5 వాట్ల కాయిల్ 12 వోల్టుల మీద అర ఆంపియర్ కూడా లాగదు. హారన్ వైరింగే దీనికన్నా బరువు. అందుకే చాలామంది పనిచేస్తోందా లేదా అని మాత్రం చూసుకుని బానెట్ మూసేస్తారు. నన్నడిగితే దానికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ఇది పనిచేయడం మానేసిన రోజున బూస్ట్ పెరుగుతుందా, తగ్గుతుందా?

చెరువుకు అలుగు ఎలాగో టర్బోకు వేస్ట్‌గేట్ అలాగ. కంప్రెసర్ నుంచి వచ్చే ఒత్తిడి ఒక సన్నని గొట్టం గుండా యాక్చుయేటర్‌ను చేరుతుంది. అది లోపలి స్ప్రింగును గెలిచిందంటే గేటు తెరుచుకుని, పొగ కొంత టర్బైన్‌ను తాకకుండా పక్కదారిన పోతుంది. స్ప్రింగ్ 7 పిఎస్ఐది అయితే బూస్ట్ ఇంచుమించు అక్కడే ఆగుతుంది. సొలినాయిడ్ ఆ గొట్టం మధ్యలో కూర్చుని ఒత్తిడిని కొంత పక్కకు వదిలేస్తుంది, గేటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, బూస్ట్ పెరుగుతుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ ఆ సొలినాయిడ్‌ను సెకనుకు 20, 30 సార్లు తెరిచి మూస్తూ, ఎంత శాతం సేపు కరెంటు ఇవ్వాలో లెక్కగడుతుంది. ఇది కొత్త తెలివేం కాదు. ఇంజిన్ నాకింగును పసిగట్టి బూస్ట్‌ను దించే ఏపీసీ పద్ధతిని సాబ్ కంపెనీ 1980ల తొలినాళ్లలోనే తెచ్చింది. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ యజమానులు కంపెనీ బిగించిన రెండు దారుల సొలినాయిడ్ తీసేసి మూడు దారులది పెట్టుకునేదీ ఈ అదుపు ఇంకాస్త చురుగ్గా ఉండాలనే.

ఇప్పుడు వైర్ల సంగతి. ఒక వైరుకు తాళం తిప్పితేనే వచ్చే 12 వోల్టులు, ఫ్యూజ్ మీదుగా ఇవ్వాలి. రెండోది ఈసీయూకు వెళ్తుంది. సాధారణంగా ఈసీయూ ప్లస్ ఇవ్వదు, ఎర్త్‌ను కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. కొన్ని సొలినాయిడ్లలో లోపలే డయోడ్ ఉంటుంది. వాటికి ప్లస్, మైనస్ తారుమారు చేస్తే దెబ్బ తగిలేది ఈసీయూకే. డయోడ్ లేని కాయిల్‌కు ఆ పట్టింపు లేదు. గొట్టాలను సరిగ్గా కలిపి ఉంటే, కరెంటు లేనప్పుడు ఒత్తిడి మొత్తం యాక్చుయేటర్‌కే చేరుతుంది. అంటే ఫ్యూజ్ పోయినా, వైరు తెగినా, కనెక్టర్ ఊడినా కారు మందకొడిగా నడుస్తుందే తప్ప ఇంజిన్‌కు చేటు రాదు.

అయితే జాయింట్లు ఎలా వేసినా పర్వాలేదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఇక్కడే చిక్కుంది. తెగిన వైరు బూస్ట్‌ను దించుతుంది, ఒరుసుకున్న వైరు ఎత్తేస్తుంది. ఈసీయూకు వెళ్లే వైరు తొడుగు చిరిగి బాడీకి తగిలిందంటే కాయిల్‌కు ఎర్త్ శాశ్వతంగా దొరికినట్టే. అంటే నూటికి నూరు శాతం సేపు కరెంటు ఉన్నట్టు, గేటు దాదాపు తెరుచుకోదు. ఫ్యూజ్ కూడా కాపాడదు, ఎందుకంటే కాయిల్ తన మామూలు కరెంటే తీసుకుంటుంది. కాబట్టి జాగ్రత్తంతా ఆ వైరుకే పెట్టాలి: వేడి మానిఫోల్డుకు దూరంగా, గట్టి తొడుగులో, ఇనుప అంచులు తగలని దారిలో. ఈసీయూలో అధిక బూస్ట్‌కు ఇంధనం ఆపేసే హద్దు కూడా ఉండి తీరాలి. ఇంత తంటా ఎందుకు, బంతీ స్ప్రింగూ ఉన్న మాన్యువల్ కంట్రోలర్‌కు వైరే అక్కర్లేదు కదా అనేవారి మాటలో న్యాయం ఉంది. ఒకటి రెండు పిఎస్ఐలు పెంచుకోవడానికి అది చాలు కూడా. కానీ నాకింగ్ మొదలైనప్పుడు తనంతట తాను తగ్గే నేర్పు దానికి లేదు. మన రోడ్ల మీది కొత్త టర్బో పెట్రోల్ కార్లలో కొన్నిటికి వేస్ట్‌గేటును ఎలక్ట్రిక్ మోటారే కదుపుతుంది. ఈ గొట్టాల లెక్క వాటికి పనికిరాదు.

బిగించాక ఈసీయూ కనెక్టర్ తీసి, సొలినాయిడ్‌కు 12 వోల్టులు అందుతుండగా ఈసీయూ వైపు కొసను మల్టీమీటర్‌తో చూడాలి. కాయిల్ గుండా 12 వోల్టులు కనిపిస్తే వైరు బాగున్నట్టు. సున్నా వస్తే ఎక్కడో తెగింది, లేదా బాడీకి తగులుతోంది. తర్వాత ఈసీయూ కనెక్టర్ తిరిగి పెట్టి, సొలినాయిడ్ ప్లగ్ మాత్రం ఊడదీసి, బూస్ట్ మీటరు మీద కన్నుంచి కారును నెమ్మదిగా లోడులోకి తేవాలి. బూస్ట్ స్ప్రింగ్ స్థాయి దాటి ఎగబాకితే వెంటనే కాలు తీసేయాలి: తప్పు వైర్లలో లేదు, గొట్టాల వరుసలో ఉంది.